నర్సింగ్ విద్యార్థులకు ఇంటరాక్టివ్ వీడియో: స్క్రిప్టు నుంచి స్కిల్ ల్యాబ్ దాకా

మామూలు ప్రొసీజర్ వీడియోలో నర్సు చేయి ఎక్కడా ఆగదు. ట్యూబ్ కొలుస్తారు, జెల్లీ రాస్తారు, లోపలికి పంపుతారు, ప్లాస్టర్ వేస్తారు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. వార్డులో పని అలా సాగదు. రోగి దగ్గుతారు, కడుపు ద్రవం లాగితే సిరంజిలోకి ఏమీ రాదు, ఆమ్లత చూపే పీహెచ్ పట్టీ మీద రంగు 5కీ 6కీ మధ్య ఎటూ తేలకుండా ఉంటుంది. అక్కడ చేయి ఆపాలి, చూడాలి, తేల్చుకోవాలి. మధ్యలో ఆగి విద్యార్థిని ప్రశ్న అడిగే ఇంటరాక్టివ్ వీడియో నేర్పాల్సింది ఆ ఆగే చోట్లనే. అందుకే ప్రశ్న ఎప్పుడూ తర్వాతి దశను చూపించబోయే ముందు రావాలి. చూపించేశాక అడిగితే విద్యార్థి జ్ఞాపకాన్ని మాత్రమే పరీక్షించినట్టు అవుతుంది.

ఈ గైడ్‌లో రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా కడుపులోకి పంపే గొట్టం) వేయడాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాం. దాని తర్వాత బీపీ చూడడం వస్తుంది, ఎందుకంటే అందులో శబ్దంతో వచ్చే చిక్కులు వేరు.

ఏ నైపుణ్యాలకు పనికొస్తుంది, వేటికి పనికిరాదు

కంటితో చూసి, చెవితో విని నిర్ణయించే పనులకు ఇది బాగా కుదురుతుంది. రైల్స్ ట్యూబ్, బీపీ, ట్రకియాస్టమీ సక్షన్ (గొంతుకి పెట్టిన రంధ్రం గుండా కఫం లాగడం), రక్తం ఎక్కించేటప్పుడు గమనింపు, స్టెరైల్ డ్రెస్సింగ్, డ్రిప్ వేగం లెక్క ఇలాంటివి. వేలి స్పర్శ మీద ఆధారపడే పనులకు కుదరదు. సిర తగిలిందో లేదో కాన్యులా (సిరలోకి పెట్టే సన్నని గొట్టం) పట్టుకున్న చేతికే తెలుస్తుంది, తెర దాన్ని చెప్పలేదు. పక్క వేయడం లాంటి నిర్ణయాలు పెద్దగా లేని పనికి మామూలు వీడియో చాలు, దానికి ప్రశ్నలు తగిలించడం విద్యార్థి సమయం వృథా చేయడమే.

ముందు నిర్ణయాల పట్టిక, ఆ తర్వాతే కెమెరా

1980ల తొలినాళ్లలో గుండె మసాజ్ నేర్పడానికి లేజర్ డిస్క్‌నీ కంప్యూటర్‌నీ సెన్సర్లు అమర్చిన మానికిన్‌నీ (మనిషి ఆకారంలోని శిక్షణ బొమ్మ) కలిపి వాడారు. ఆ డిస్క్‌కి ఒక్కో వైపు 54,000 ఫ్రేములు, అంటే 30 నిమిషాలు పట్టేవి. ఒకసారి అచ్చయిన డిస్క్‌లో మార్పు చేయడం కుదరదు కాబట్టి ప్రతి కొమ్మనీ (జవాబుని బట్టి కథ చీలే దారి) ముందే కాగితం మీద తేల్చుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఆ పరిమితి లేదు. కానీ కాగితం మీద తేల్చుకోకుండా షూటింగ్‌కి దిగితే ఎడిటింగ్ దగ్గర కూర్చున్నప్పుడు సరిగ్గా కావాల్సిన ముక్కే దొరకదు.

పట్టికలో నాలుగు నిలువు గడులు పెట్టుకోండి: విద్యార్థికి కనిపించే సంకేతం, సరైన పని, రెండు తప్పు పనులు, ఆ తప్పుల పర్యవసానం. రైల్స్ ట్యూబ్‌కి ఆరు నిర్ణయాలు సరిపోతాయి.

మొదటిది కేస్ షీట్ దగ్గర. తలకు దెబ్బ తగిలింది, పుర్రె అడుగు భాగం విరిగిందేమోనని అనుమానం రాసి ఉంది. ముక్కు గుండా ట్యూబ్ వేయకూడదు, డాక్టర్‌కి చెప్పాలి. వీడియో మొదటి నిమిషంలోనే ఈ ప్రశ్న పెడితే విద్యార్థి ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తారు. తర్వాత కథ వేరే రోగితో కొనసాగుతుంది.

రెండోది కొలత. ముక్కు కొన నుంచి చెవి తమ్మె, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొన. ట్యూబ్ మీది గీతల్ని దగ్గర నుంచి చూపించి, ఎన్ని సెంటీమీటర్లో విద్యార్థినే టైపు చేయమనండి. ఎంపికలు ఇవ్వొద్దు. నాలుగు అంకెల్లో ఒకటి ఎంచుకోవడం వేరు, గీత చూసి చదవడం వేరు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: ట్యూబ్ గొంతు దగ్గరికి వచ్చినప్పుడు రోగికి వాంతి వచ్చినట్టు కావడానికీ, ట్యూబ్ శ్వాసనాళంలోకి పోవడానికీ తేడా గుర్తించడం. వాంతి వచ్చినట్టు అయితే కాసేపు ఆపి, ఊపిరి తీసుకోమని, మింగగలిగే రోగి అయితే ఒక గుక్క నీళ్లు మింగిస్తూ ముందుకు పంపుతారు. దగ్గు ఆగకపోయినా, మాట రాకపోయినా, పెదవులు నీలంగా మారుతున్నా వెంటనే బయటికి లాగేయాలి. ఈ రెండు దృశ్యాల్నీ పక్కపక్కన కాకుండా వేర్వేరు చోట్ల పెట్టండి. పక్కపక్కన పెడితే విద్యార్థి రోగిని చూడకుండా పోలిక చూసి జవాబిస్తారు.

నాలుగోది అడ్డు తగలడం: బలంగా తోయకూడదు, కొంచెం తిప్పి చూడాలి, అప్పటికీ పోకపోతే తీసి రెండో ముక్కు రంధ్రంలో ప్రయత్నించాలి.

ఐదోది, ట్యూబ్ కడుపు చేరిందో లేదో చూడడానికి ద్రవం లాగితే సిరంజిలోకి ఏమీ రాకపోవడం. చాలామంది ఇక్కడ "ట్యూబ్ సరిగానే ఉందిలే" అని ముందుకెళ్తారు. రోగిని ఎడమ పక్కకి తిప్పడం, పెద్దవాళ్లలో 10 నుంచి 20 మిల్లీలీటర్ల గాలి పంపి ట్యూబ్ కొనను కడుపు గోడ నుంచి జరపడం, 15 నుంచి 30 నిమిషాలు ఆగడం, ట్యూబ్‌ని 10 నుంచి 20 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ లాగి చూడడం లాంటి మార్గాలు ఉన్నాయి. ఈ గాలి ట్యూబ్‌ని జరపడానికే. కడుపు మీద స్టెతస్కోప్ పెట్టి గుబగుబ శబ్దం విని స్థానం నిర్ధారించడం నమ్మదగింది కాదు, ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. ఆ పాత పరీక్షని తప్పు ఎంపికల్లో ఒకటిగా తప్పక పెట్టండి, ఇప్పటికీ దాన్ని ఎంచుకునేవాళ్లు ఉంటారు.

ఆరోది ఆ ద్రవం పీహెచ్. 5.5 లేదా అంతకంటే తక్కువ అయితే కడుపులో ఉన్నట్టు. 6 వస్తే ఫీడ్ (ట్యూబ్ గుండా ఇచ్చే ఆహారం) ఇవ్వకూడదు, ఎక్స్‌రే కావాలి. రోగి ఆమ్లం తగ్గించే మందులు వాడుతుంటే పీహెచ్ పెరుగుతుంది, ఆ సంగతి కేస్ షీట్ షాట్‌లో ముందే కనిపించేలా చేస్తే శ్రద్ధగా చూసినవాళ్లకి ఇక్కడ పనికొస్తుంది. మీ సంస్థ ప్రోటోకాల్‌లో హద్దు అంకె వేరుగా ఉంటే వీడియోలోనూ అదే ఉండాలి. వీడియో ఒకటి, వార్డు ఇంకొకటి చెప్పడం కంటే ప్రమాదం లేదు.

తప్పు ఎంపికలు మీ ఊహలోంచి రాయకండి. పోయిన బ్యాచ్‌ల స్కిల్ ల్యాబ్ చెక్‌లిస్టులు తీసి, ఎక్కువమంది మార్కులు పోగొట్టుకున్న దశలు చూడండి. అక్కడ దొరికే తప్పులే అసలైన ఎంపికలు. ఎవరూ చేయని వింత తప్పుని ఎంపికగా పెడితే విద్యార్థి చదవకుండానే దాన్ని కొట్టేస్తారు.

కొమ్మలు పెరిగిపోకుండా

ప్రతి నిర్ణయం దగ్గరా కథ రెండుగా చీలి అలాగే కొనసాగితే నాలుగు నిర్ణయాలకే 16 ముగింపులు అవుతాయి. అన్ని తీయడం ఎవరివల్లా కాదు. తప్పు ఎంపికకి 20 సెకన్ల పర్యవసానం చూపించి, మళ్లీ అదే నిర్ణయం దగ్గరికి తీసుకురండి. ఆరు నిర్ణయాలు, ఒక్కోదానికి రెండు తప్పులు అంటే 12 ముక్కలు, మొత్తం 4 నిమిషాల అదనపు వీడియో. ప్రధాన వీడియో 6 నిమిషాలు అనుకుంటే ఒక పూట షూటింగ్‌లో పూర్తవుతుంది.

తప్పు చూపించే ముక్కలన్నిటికీ తెర చుట్టూ మందపాటి అంచు పెట్టి, "తప్పు పద్ధతి" అని మూలన రాయండి. సరైన పద్ధతిని దాని వెంటనే చూపించండి. గుర్తు లేకుండా తప్పు దృశ్యం చూస్తే కొన్నాళ్లకి కళ్లకు దృశ్యం మిగిలి, అది తప్పన్న సంగతి మరుగున పడవచ్చు.

షూటింగ్

ట్యూబ్ వేయడాన్ని మానికిన్ మీదే తీయండి. వీడియో కోసం ఆరోగ్యవంతుడైన వాలంటీర్ ముక్కులో ట్యూబ్ వేయడం సరికాదు. మాటలు, ముఖకవళికలు, దగ్గు మాత్రం రోగిగా నటించే మనిషితో తీసి, చేతుల షాట్‌ని మానికిన్ మీద తీసి కలపండి. కలిసేలా ఉండాలంటే ఒకే గౌను, ఒకే దిండు, ఒకే రంగు గ్లోవ్స్ ఉండాలి, మణికట్టుకి చేతి గడియారం ఉండకూడదు. కేస్ షీట్ మీద పేరు, ఐపీ నంబర్ కల్పితమైనవే రాయండి. నిజం రోగి షీట్ వాడి ఆ పైన మసక చేయడం ఎప్పుడూ నమ్మకమైన పద్ధతి కాదు, ఒక్క ఫ్రేములో జారినా చాలు.

రెండు కెమెరాలు చాలు, ఫోన్లైనా సరే. ఒకటి మంచం పాదాల వైపు నుంచి మొత్తం దృశ్యానికి. రెండోది చేసేవాళ్ల కుడి భుజం వెనక నుంచి, కొంచెం పైనుంచి చేతులకి. ఎదురుగా పెడితే ఎడమ కుడి తారుమారై విద్యార్థి మనసులో తిప్పుకోవాల్సి వస్తుంది. ఎడమచేతి వాటం వాళ్ల కోసం బొమ్మని అద్దంలోలా తిప్పేయకండి. ట్యూబ్ మీది అంకెలు తిరగబడతాయి, రోగిని ఎడమ పక్కకి తిప్పాల్సినది కుడి పక్క అవుతుంది. కావాలంటే ఎడమచేతి వాటం ట్యూటర్‌తో ఆ షాట్లు విడిగా తీయండి.

తెల్లటి స్టెరైల్ డ్రేప్ మీద తెల్ల గ్లోవ్స్ ఉంటే కెమెరా వెలుతురుని తప్పుగా అంచనా వేస్తుంది, వేళ్లు ఎక్కడ తగిలాయో కనిపించకుండా అంతా ఒకే రంగులో కలిసిపోతుంది. నీలం లేదా ఆకుపచ్చ డ్రేప్ వాడండి, ఎక్స్‌పోజర్‌ని మూడింట రెండు స్టాపులు తగ్గించి లాక్ చేయండి. ఫోకస్ కూడా లాక్ చేయాలి, లేదంటే చేయి ముందుకొచ్చినప్పుడల్లా ట్యూబ్ మసకబారుతుంది. ట్యూబ్‌లైట్ల కింద గీతలు కదులుతున్నట్టు వస్తే, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట షట్టర్‌ని 1/50కి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60కి పెట్టండి.

పీహెచ్ పట్టీ షాట్‌కి ప్రత్యేకంగా సమయం కేటాయించండి, మొత్తం వీడియోలో ఎక్కువ తప్పులు దొర్లేది దీని దగ్గరే. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే పట్టీ 5 రంగు 6లా కనిపించగలదు. గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ సరిచేసి, పట్టీనీ డబ్బా మీది రంగుల చార్టునీ ఒకే ఫ్రేములో, ఒకే వెలుతురులో పెట్టి తీయండి. అప్పుడు తెర రంగులు కొంచెం మారినా రెండూ కలిసే మారతాయి. డబ్బా మీద చెప్పిన సమయంలోపే షాట్ పూర్తి కావాలి, ఆరిన పట్టీ రంగు మారుతుంది. రంగుల తేడా తెలియని విద్యార్థుల కోసం పట్టీలోని గడుల క్రమాన్ని మాటల్లో కూడా చెప్పండి.

ప్రతి నిర్ణయానికి ముందూ తర్వాతా చేతులు కదలకుండా రెండు సెకన్లు అలాగే ఉంచమని చేసేవాళ్లకి చెప్పండి. వీడియో ఆగాల్సిన చోటు అదే. కదులుతున్న చేయి మీద ఆగితే బొమ్మ మసకగా ఉంటుంది, పైగా చేయి ఎటు పోతోందో చూసి జవాబు పసిగట్టేస్తారు.

వ్యాఖ్యానాన్ని షూటింగ్‌లో చెప్పకుండా తర్వాత విడిగా, దశకో ఫైలుగా రికార్డు చేయండి. రేపు ఒక అంకె మారితే ఆ ఒక్క ఫైలే మళ్లీ చదివితే సరిపోతుంది.

బీపీ వీడియోలో శబ్దం

కొరొట్కోఫ్ శబ్దాలు (కఫ్ గాలి వదిలేటప్పుడు స్టెతస్కోప్‌లో వినిపించేవి) చాలావరకు 200 హెర్ట్జ్‌కి లోపే ఉంటాయి. ఫోన్, ల్యాప్‌టాప్ స్పీకర్లు ఆ స్థాయిని సరిగా పలికించవు, విద్యార్థి ఏమీ వినపడక ఊహించి రాస్తారు. హెడ్‌ఫోన్లు తప్పనిసరి అని వీడియో మొదటి తెరమీదే రాసి, ఒక నమూనా శబ్దం వినిపించి "వినిపించిందా" అని అడగండి. రికార్డు చేసేటప్పుడు స్టెతస్కోప్ గొట్టంలో చిన్న మైకు అమర్చవచ్చు, ఎలక్ట్రానిక్ స్టెతస్కోప్ ఉంటే మరీ మేలు. ఎడిటింగ్‌లో నాయిస్ తగ్గించే ఫిల్టర్లన్నీ ఆపేయండి. మనిషి గొంతు కోసం తయారైన ఆ ఫిల్టర్లు ఈ శబ్దాల్నే చెత్త అనుకుని తుడిచేస్తాయి.

కఫ్ గాలిని సెకనుకు 2 నుంచి 3 మి.మీ. చొప్పున వదలాలి. 180 నుంచి 60 దాకా దిగడానికి సుమారు 48 సెకన్లు పడుతుంది. ఆ ముక్కని కత్తిరించి కుదించకండి, వేగంగా వదలడమే విద్యార్థులు చేసే పెద్ద తప్పు, వీడియో దాన్నే నేర్పినట్టు అవుతుంది. మీటర్ ముల్లు కనిపిస్తుండగా శబ్దం వినిపించి, ముక్క ముగిశాక సిస్టాలిక్ (పై), డయాస్టాలిక్ (కింది) అంకెలు టైపు చేయించండి. సరైన విలువ 128 అయితే 126, 130 కూడా ఒప్పుకోండి.

ఎక్స్‌పోర్టు

ఎంపీ4 ఫైలు, హెచ్.264 కోడెక్, 720పి, సెకనుకు 2 మెగాబిట్లు. ఈ లెక్కన 6 నిమిషాల వీడియో సుమారు 90 మెగాబైట్లు అవుతుంది, ధ్వనికి ఇంకో ఆరు. మీ మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే వ్యవస్థ) సర్వర్ అప్‌లోడ్ పరిమితి అంతకంటే తక్కువగా ఉందేమో ముందే అడ్మిన్‌ని అడగండి.

రెండు సెట్టింగులు మర్చిపోకూడదు. వీడియోని మార్చే ప్రోగ్రాం హ్యాండ్‌బ్రేక్‌లో "వెబ్ ఆప్టిమైజ్డ్" గుర్తు పెట్టాలి, లేదంటే కొన్ని చోట్ల మొత్తం ఫైలు దిగేదాకా వీడియో మొదలవదు. ఇక కీఫ్రేముల (బొమ్మ పూర్తిగా నమోదయ్యే ఫ్రేములు) మధ్య దూరం. మామూలుగా అది 250 ఫ్రేముల దాకా పోతుంది, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 10 సెకన్లు. కొమ్మలోకి దూకినప్పుడు వీడియో తడబడడానికి, చెప్పిన చోట కాకుండా ముందో వెనకో తేలడానికి ఇది తరచూ కారణం. గరిష్ఠ దూరాన్ని 50 ఫ్రేములకి తగ్గించండి.

హెచ్‌ఫైవ్‌పిలో కూర్చడం

వీడియోకి ప్రశ్నలు చేర్చే సాధనం హెచ్‌ఫైవ్‌పి ఉచితం, మూడుల్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ పనిచేస్తుంది. లూమి అనే ఉచిత ప్రోగ్రాంతో ఇంటర్నెట్ లేకుండా కూడా తయారుచేయవచ్చు. కథ తిన్నగా సాగుతూ మధ్యలో ప్రశ్నలు మాత్రమే ఉంటే "ఇంటరాక్టివ్ వీడియో" తీసుకోండి. పర్యవసానం ముక్కలు ఉంటే "బ్రాంచింగ్ సినారియో" మేలు: ప్రతి ముక్కా వేరే ఫైలు కాబట్టి టైముకోడ్‌ల తలనొప్పి ఉండదు. ఒకే ఫైలులో చేయక తప్పకపోతే తప్పు ముక్కలన్నిటినీ ప్రధాన వీడియో అయ్యాక చివర వరసగా పెట్టి, అక్కడికి దూకించండి. ప్రతి ముక్క చివరా వెనక్కి పంపే బటన్, దాంతోపాటు వీడియోని ఆపే గుర్తు ఉండాలి. ప్రధాన వీడియో ముగిసే చోట కూడా ఆపాలి, లేదంటే అంతా సరిగా చేసిన విద్యార్థికి వరసగా పన్నెండు తప్పులు ప్లే అవుతాయి.

ప్రతి ప్రశ్నకూ "పాజ్ వీడియో" గుర్తు పెట్టారో లేదో చూడండి. లేకపోతే ప్రశ్న తెరమీద మెరిసి మాయమవుతుంది. "పూర్తి మార్కులు వస్తేనే ముందుకు" అనే సెట్టింగు భద్రతకి సంబంధించిన ఒకటి రెండు ప్రశ్నలకే వాడండి, దాంతోపాటు మళ్లీ ప్రయత్నించే వీలు తెరిచి ఉంచండి. జవాబు కీలో తప్పు దొర్లితే మొత్తం క్లాసు ఆ ప్రశ్న దగ్గర ఇరుక్కుపోతుంది. ఖాళీలు పూరించే ప్రశ్నలో జవాబుని నక్షత్ర గుర్తుల మధ్య రాయాలి, ఒప్పుకునే ఇతర అంకెల్ని ఏటవాలు గీతతో వేరుచేయాలి. బీపీకి *126/128/130* అన్నట్టు. మార్కులు నమోదు కావాలంటే చివర సబ్మిట్ తెర మీద విద్యార్థి బటన్ నొక్కాలి. ఈ మాట వీడియోలోనే చెప్పండి, చెప్పకపోతే "చేశాను కానీ సున్నా వచ్చింది" అని వరస కడతారు.

తప్పు జవాబుకి వచ్చే మాట "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని ఉంటే దానివల్ల నేర్చేదేమీ లేదు. ఏ సంకేతం చూడలేదో, అది ఎందుకు ముఖ్యమో, ఇప్పుడేం చేయాలో మూడు చిన్న వాక్యాల్లో చెప్పండి. ఉదాహరణకి: "రోగికి మాట రావడం లేదు, గమనించండి. ట్యూబ్ స్వరతంత్రుల మధ్య నుంచి పోయి ఉండవచ్చు. వెంటనే బయటికి తీసి, ఊపిరి కుదుటపడేదాకా ఆగండి."

క్లాసుకి ఇచ్చే ముందు

అయిదుగురు విద్యార్థుల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమనండి. మీరు మాట్లాడకండి. అందరూ ఒకే తప్పు ఎంచుకుంటే ముందు షాట్‌ని అనుమానించండి: సంకేతం తెరమీద నిజంగా కనిపిస్తోందా? చిన్న ఫోన్‌లో కూడా చూడండి. ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ట్యూబ్ గీతలు ఫోన్‌లో చదవలేనంత చిన్నగా ఉంటాయి, ఆ షాట్‌ని ఇంకా దగ్గర నుంచి తీయాల్సి వస్తుంది.

ల్యాబ్‌తో ముడిపెట్టడం

వీడియో చేశాక ఒకటి రెండు రోజుల్లోపు మానికిన్ దగ్గర నిలబడేలా టైంటేబుల్ వేయండి. చెక్‌లిస్టులో దశల పేర్లు, క్రమం వీడియోలో ఉన్నట్టే ఉండాలి. మొదటిసారి వీడియో చేసినందుకు మార్కులు పెట్టొద్దు, పెడితే విద్యార్థులు తప్పు దారులు చూడరు, పక్కవాళ్ల జవాబులు కొడతారు. నేర్చుకోవాల్సింది ఆ తప్పు దారుల్లోనే ఎక్కువ ఉంది.

ల్యాబ్‌కి వెళ్లేముందు ట్యూటర్ మూడుల్ రిపోర్టు తెరిచి ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తడబడ్డారో చూసుకోవాలి. ఐదో నిర్ణయం దగ్గర సగం క్లాసు తప్పు చేస్తే, ల్యాబ్‌లో మొదటి ఇరవై నిమిషాలు సిరంజిలోకి ఏమీ రాని పరిస్థితికే ఇవ్వండి. దాదాపు అందరూ మొదటిసారే సరిగా చెప్పిన ప్రశ్నని తీసేసి, ఆ చోట ఇంకొంచెం కష్టమైనది పెట్టండి.

పాతబడకుండా

ప్రొసీజర్లు మారతాయి. గుండె మసాజ్ మార్గదర్శకాల్లో 2010లో శ్వాసమార్గం కంటే ముందు ఛాతీ నొక్కడం వచ్చింది, 2015లో వేగం నిమిషానికి 100 నుంచి 120కి, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లకి పరిమితమైంది. అంతకుముందు తీసిన వీడియోలు చూడడానికి ఎంత బాగున్నా తప్పే నేర్పుతాయి. ప్రతి వీడియో మొదటి తెరమీద ఏ ప్రోటోకాల్, ఏ తేదీ వెర్షన్ ఆధారమో రాయండి. ఏడాదికోసారి నిర్ణయాల పట్టికని వార్డు సిస్టర్ ఇన్‌ఛార్జ్‌తో కలిసి దశ దశగా సరిచూడండి. మార్పు చేసినప్పుడు మూడుల్‌లో పాత యాక్టివిటీ ఉన్న చోటే కొత్త ఫైలు పెట్టండి, కొత్త లింకు ఇస్తే పాతది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కత్తిరించని షాట్లు, వ్యాఖ్యానం ఫైళ్లు, నిర్ణయాల పట్టిక మూడింటినీ ఒకే ఫోల్డరులో, రెండు వేర్వేరు డిస్కుల మీద దాచండి.